మూడంగుళాల మర్యాద

మనిషిని చూడందే చోటే మియా కామ పెట్టడు. మేళ్లచెరువులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, తెలిసీ విసుక్కోనివాళ్లూ లేరు. పారకో గొడ్డలికో కొత్త కామ, అదే కర్ర పిడి, కావాలంటే, ఆ పారను తెచ్చి దుకాణం ముందు పడేసి పోతే కుదరదు. దాన్ని పట్టుకుని పనిచేసే మనిషి స్వయంగా రావాలి. వచ్చి, చెప్పులు విడిచి, గచ్చు మీద నిలబడి, రెండు చేతులూ ఊరికే వదిలెయ్యాలి. అప్పుడు మియా కళ్లజోడు ముక్కు కొసకు దించుకుని, మణికట్టు నుంచి నేలదాకా నూలుదారం వేసి "ఊఁ" అంటాడు. ఆ ఊఁ అయ్యాకే కట్టెను ముట్టుకుంటాడు. ఒకసారి సోమమ్మ అనే ఆవిడ మొగుడి పార ఒక్కటే పట్టుకొస్తే, "నీ పెనిమిటి చేతులు గూడ కొంగుల కట్టుకొచ్చినవా బిడ్డా?" అని తిప్పి పంపాడు. ఆమె తిట్టుకుంటూ పోయింది. మర్నాడు మొగుణ్ని వెంటబెట్టుకుని, తిట్టుకుంటూనే మళ్లీ వచ్చింది.

అలాంటి మనిషి దుకాణం ముందు ఒక గురువారం పొద్దున సిమెంటు ఫ్యాక్టరీ జీపు ఆగింది. పెద్దసారు డ్రైవరు భిక్షపతి దిగాడు. వెనక సీటులోంచి మఖమల్ గుడ్డ తొడిగిన పొడుగాటి వస్తువొకటి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు, రెండు చేతులా తీశాడు.

"ఏంది భిక్షపతీ, తల్వారా? ఎవని మీదికి జంగు?" అన్నాడు మియా.

"తల్వార్ గాదు. పటర్ అంటరు దీన్ని. గోల్ఫ్ ఆడేటప్పుడు బంతిని ఆఖరుకు గుంతలకు తోసే కట్టె. జర పైలం, సీమ దేశం నుంచొచ్చింది."

మియా గుడ్డ తీసి చూశాడు. సన్నటి ఉక్కు గొట్టం. కింద ఒక పక్క చదునుగా ఉన్న ఇనుప ముద్ద, పైన నల్ల రబ్బరు పట్టు. రబ్బరు గుండ్రంగా లేదు, బొటనవేళ్లు ఆనడానికి ముందువైపు చదును చేసి ఉంది. ఆ చదును మీద వేలు పెట్టి చూసుకుని, ఎవడో తెలివైనవాడే చేశాడని మనసులో మెచ్చుకున్నాడు. ఇన్నేళ్లలో ఇనుప కామను చేతబట్టడం అతనికదే మొదలు.

"రెండంగుళాలు పొడుగు చెయ్యాలట. పట్టు గట్లనే సన్నగ ఉండాలట. శనారం పొద్దుగాల్ల ఇయ్యాలె. ఐతారం నాడు పక్క ఫ్యాక్టరీ సార్లతోని మ్యాచ్ ఉన్నది."

"ఎందుకు పొడుగు?"

"బంతి గుంతల పడ్తలేదు."

"బంతి పడకుంటే కట్టెను పొడుగు చేస్తరా?"

భిక్షపతి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మియా, నాకు తెల్వక అడుగుతున్ననా? బంతి ఎడమకు పోతాంది. నేలే ఎడమకు వాలిందంటడు సారు. నేల వంకర, కట్టె పొట్టి అంటాండు. కట్టెను పొడుగు చేపిస్తడట, గడ్డి చూసే జానమ్మను తీసేస్తడట. ఐతారం గిన బంతి ఎడమకు పోయిందనుకో, సోమారం నుంచి నువ్వు రాకని ముఖం మీదనే చెప్పిండు."

చోటే మియా చేతిలో కట్టె ఆగిపోయింది. జానమ్మది అతని ఇంటి పక్క ఇల్లే, మధ్యలో నడుమెత్తు గోడ. సున్నపురాయి తవ్వి వదిలేసిన బండల మీద చెరువుమట్టి పరిచి గోల్ఫ్ మైదానం చేస్తామని ఫ్యాక్టరీవాళ్లు మొదలుపెట్టినప్పుడు, తొమ్మిది గుంతలు అనుకుంటే తెచ్చిన మట్టి మూడింటికే సరిపోయింది. ఆ మూడింటి చుట్టూ గడ్డిని మొలిపించి, దువ్వి, కోసి, నీళ్లు పెట్టి ఆరేళ్లుగా బతికిస్తున్నది జానమ్మ. పెద్దసారు నవీన్‌కుమార్ వచ్చి ఇంకా ఏడాదే అయింది.

"సారును దుకాణానికి తోల్కరా," అన్నాడు మియా.

"మా సారా? నీ దుకాణానికా? నీకు మెదడున్నదా మియా?"

"అయితే నేనే వస్త. మనిషిని చూడకుంట నేను కామ ముట్ట."

ఆ సాయంత్రం గోడ మీద మోచేతులు ఆనించి జానమ్మ నిలబడింది. ఆమె పొడగరి. ఊళ్లో చాలామంది మగవాళ్లు ఆమెతో మాట్లాడేటప్పుడు కాస్త తల ఎత్తాలి. ఇటువైపు చాటలో బియ్యం ఏరుతూ మియా భార్య తాహేరా, పీట మీద మియా కూర్చున్నారు.

"తట్టలు మోసి మట్టి పోసింది నేనాయె, రాయి ఏరింది నేనాయె," అంది జానమ్మ. "రోజూ పైపుతోని నీళ్లు వెడ్తే నడుమ మడుగు గట్టదు, పక్కకు జారదు. గంత సాపుగున్నది. ఎడమకు వాలిందంటడు! ఇంజనీరును తెచ్చి లెవలు పెట్టి చూడమన్న. నాకే చెప్తవా అన్నడు."

"పని పోతదని ఫికర్ చెయ్యకు జానమ్మా," అంది తాహేరా.

"పని పోతే పోనీ వదినా, ఇంకో పని దొరుకుతది. కానీ నేలను వంకర జేసిందని పేరు వెట్టి తోలేస్తే, రేపు ఇంకో జాగల ఎవరు రానిస్తరు? ఆరేండ్లు మోకాళ్ల మీద పాకిన. గా మాట వింటే నా కడుపు మండుతాంది." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. దానికి ఆమెకే కోపం వచ్చి, కొంగుతో గట్టిగా తుడుచుకుంది.

మియాకూ ఒళ్లు మండింది. లేచి, మర్నాటికి దారపుండ, చిన్న ఇనుప నట్టు, పెన్సిలు చొక్కా జేబులో వేసుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే భిక్షపతి అతన్ని జీపులో ఎక్కించుకుపోయి మైదానం పక్కన నిలబెట్టాడు. చుట్టూ బూడిదరంగు దుమ్ము కప్పుకున్న తుమ్మలు, నడుమ కళ్లు జిగేల్మనేంత పచ్చటి గడ్డి. పెద్దసారు, ఆయన వెనక నలుగురు ఆఫీసర్లు. జానమ్మ చీపురుతో ఆకులు ఊడుస్తూ ఒక పక్కన ఉంది.

ఆ ఆఫీసర్లను చూసి మియాకు మొదట అర్థం కాలేదు. అందరూ ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు వంగి తిరుగుతున్నారు. అందులో గనులు చూసే నదీం సాబు ఆరడుగుల పైమాటే. ఆయన చేతిలో కట్టె ఎంత పొట్టిగా ఉందంటే, బంతిని కొట్టాలంటే గడ్డి కలుపు తీస్తున్నంతగా వంగాలి.

"గా నదీం సాబు కట్టె ఎవరిది? వాళ్ల పిల్లలదా?" అని మియా గుసగుసగా అడిగాడు.

"ఆయనదే. కోయించుకున్నడు. సారు కట్టె కంటె పొడుగుంటే బాగుండదని. అందరిదీ గంతే. సారుది ముప్పై అయిదంగుళాలు, వీళ్లది ఎవరిదీ ముప్పై నాలుగు దాటదు." ఎవరూ కాగితం మీద రాయలేదు, ఎవరూ చెప్పలేదు. ఫ్యాక్టరీలో అలా జరిగిపోయింది. మర్యాదకు ఆర్డరు కాపీ అక్కర్లేదు కదా.

పెద్దసారు బంతి ముందు నిలబడ్డాడు. మనిషి చక్కగా, పొందికగా ఉంటాడు, ఎర్రగా, చురుగ్గా. కాకపోతే ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. పొడుగాటి కట్టెకు చోటు చాలక ఆయన మోచేతులు రెండూ పక్కలకు పొడుచుకొచ్చాయి. బంతి కాళ్లకు దూరంగా, కళ్లు బంతికి ఇవతల. కట్టె మరీ పక్కకు వాలడంతో ఇనుప ముద్ద మడమ నేలకు ఆని, ముక్కు గాల్లోకి లేచింది. సన్నటి రబ్బరును పిడికిలి బిగించి పట్టాడు. కొట్టే క్షణంలో మణికట్టు చటుక్కున తిరిగింది. బంతి బయలుదేరి, గుంతకు బెత్తెడు దూరంలో ఎడమ పక్కనుంచి వెళ్లిపోయింది.

"చూశారా?" అన్నాడు సారు, చీపురుతో నిలబడ్డ జానమ్మ వైపు కట్టె చూపిస్తూ. "ఎడమకు!"

"ఎడమకే సర్," అన్నారు నలుగురూ.

తర్వాత నదీం సాబు వంగి కొట్టాడు. ఆయన బంతి గుంతకు కుడి పక్కనుంచి పోయింది.

"చూశారా?" అన్నాడు సారు.

"ఎడమకే సర్," అన్నాడు నదీం.

మియా నోరు తెరుచుకుని చూశాడు. తను చూసింది కుడేనా అని ఒకసారి తన అన్నం తినే చెయ్యి చూసుకున్నాడు. కుడే.

"భిక్షపతీ, కట్టె పొడుగైంది," అన్నాడు మెల్లగా. "మూడంగుళాలు కొయ్యాలె."

భిక్షపతి అతని నోరు మూసినంత పని చేశాడు. "నీకు దండం వెడ్త మియా, గా మాట అనకు. కట్టె పొడుగంటే సారు పొట్టి అన్నట్టే. గా మాట అన్నోడు గీ ఫ్యాక్టరీల లేడు. కార్ల రెండు దిండ్లు నేనే పెడ్త, నేనే తీస్త, ఆయనా చూడడు, నేనూ చూడ. ఫ్యాక్టరీ దవాఖానల ఎత్తు కొలిచే పట్టీని కాంపౌండరు గోడ మీదికెళ్లి పీకేసిండు. గ్రూపు ఫోటో దిగుతే సారొక్కడే నిలబడ్తడు, మిగతోళ్లంత కూసుంటరు."

ఇంతలో సారు చూడనే చూశాడు. "ఎవరతను?"

"కట్టె బాగుచేసే మియా సార్. మిమ్మల్ని కొలవందే చెయ్యడట."

"కొలవడమా?" సారు ముఖం కొంచెం ముడుచుకుంది. "రెండు ఇంచులు పెంచమన్నాను. అందులో కొలవడానికేముంది?"

మియా సలాం చేసి దగ్గరికి వచ్చాడు.  చేతులు వాటి పనిలో పడ్డాయి. "ఒక్క నిమిషం సార్. మా పని గట్ల. బంతి ముందర నిలవడుండ్రి. కట్టె ఇడిసిపెట్టుండ్రి. మోకాళ్లు జర సడలించి, నడుముకాడ వంగుండ్రి. ఇంకొంచెం. చేతులు ఊరికే యాలాడనియ్యిండ్రి, ఎండకు ఆరేసిన బట్టల లెక్క."

దారం కొసకు నట్టు కట్టి, సారు కనుబొమల నడుమనుంచి వదిలాడు. నట్టు ఊగి ఊగి ఆగింది, బంతికి ఇవతల జానెడు దూరంలో. "బంతికి దగ్గరికి జరుగుండ్రి సార్." నట్టు బంతి మీద సరిగ్గా నిలిచేదాకా జరిపాడు. వేలాడుతున్న రెండు అరచేతులనూ కలిపి, పై చేతి అంచునుంచి నేలదాకా దారం దించి, పట్టు కొస మిగలడానికి ఒక అంగుళం కలిపి, ముడి వేశాడు. ముడి దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టాడు. ముప్పై రెండు.

"ఎంత?" అన్నాడు సారు.

అందరూ మియా వైపే చూస్తున్నారు. అవతల జానమ్మ చీపురు ఆపింది. నిజం చెప్తే సారు ముఖం మాడుతుంది, కట్టె పొడుగవుతుంది, ఆదివారం బంతి మరింత ఎడమకు పోతుంది, సోమవారం జానమ్మ ఇంట్లో కూర్చుంటుంది. ఎలా వచ్చిందో తెలీదు, మియా నోట్లోంచి మాట వచ్చేసింది.

"సార్, మీ చేతులు మస్తు పొడుగున్నయ్."

"ఏమిటీ?"

"అందరి చేతుల లెక్క లేవు. వెనకట రాజులకుండేటియి గిసువంటి చేతులు. చేతులు నేలకు దగ్గరుంటే కట్టె తక్కువ పడ్తది. మూడంగుళాలు కొయ్యాలె సార్. కొయ్యకుంటే గీ చేతులకు అన్యాలం చేసినట్టే."

 సారు తన చేతులు రెండూ ముందుకు చాచి, తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"గట్లనా?" అన్నాడు. ఆయన సొంతూరు ఆలేరు అన్న సంగతి ఆ ఒక్క మాటలో బయటపడింది. ఆయన వెంటనే సర్దుకున్నాడు. "అంటే, అలాగా?"

"ఆజానుబాహులు సర్!" అన్నాడు నదీం. "నేను మొదటిరోజే గమనించాను."

"మేమూ గమనించాం సర్," అన్నారు మిగతా ముగ్గురు.

దాంతో సారు ముఖం విచ్చుకుంది. కట్టె స్వయంగా మియా చేతికిచ్చి, "జాగ్రత్తగా కొయ్యి," అన్నాడు. మియా తన తెలివికి తనే మురిసిపోతూ జీపు వైపు నడిచాడు. దారిలో జానమ్మ ఎదురైంది. ఆమె నవ్వలేదు.

"మంచిగ చెప్పినవు భాయీ," అంది. "ఆయన చేతులు పొడుగైనయ్. మరి నా నేల?"

"కట్టె సక్కగైతే బంతి పడ్తది చెల్లే. నీ నౌకరి ఏడికీ పోదు."

"నేను నౌకరి సంగతి అడగలే," అంటూ ఆమె చీపురు అందుకుంది. ఆ మాట మియాకు రుచించలేదు. ఇంత చేస్తే ఇదా మెప్పు అనుకున్నాడు.

జుమ్మా నమాజు అయ్యాక మియా పనిలో కూర్చున్నాడు. సీమ రబ్బరును కోసెయ్యడానికి చెయ్యి రాలేదు. పక్కనున్న పంచరు దుకాణానికి పోయి, పట్టు కొసనున్న చిన్న రంధ్రంలో గాలిగొట్టం పెట్టించాడు. గాలి లోపలికి పోతుంటే రబ్బరు ఉబ్బి, గొట్టం మీదినుంచి జర్రున జారి బయటికి వచ్చింది. అక్కడే చక్రాలకు తూకం కోసం అతికించే సీసం ముక్కలు రెండు అడిగి తెచ్చుకున్నాడు. ఉక్కు గొట్టానికి గుడ్డ చుట్టి, బల్లకున్న ఇనుప పట్టెలో బిగించి, ఇనుము కోసే రంపంతో పై కొసనుంచి మూడంగుళాలు కోశాడు. కోసిన అంచును ఆకురాయితో నున్నగా రాశాడు. ఊపి చూస్తే తల తేలికైపోయినట్టు అనిపించింది. గొడ్డలికి కామ తగ్గిస్తే దెబ్బ ఎలా తగ్గుతుందో ఇదీ అంతే. సీసం ముక్కల్ని ఇనుప ముద్ద వెనక వైపు, బయటికి కనపడని గుంటలో అతికించి మళ్లీ ఊపాడు. ఈసారి "ఊఁ" అన్నాడు.

ఇక పట్టు. సన్నటి కామ పట్టినవాడు పిడికిలి బిగిస్తాడు, పిడికిలి బిగిస్తే మణికట్టు అదురుతుంది. లావు చేస్తే వేళ్లు సడలి, భుజాలతో ఊపుతాడు. "తాహేరా, నీ మోకాలికి చుట్టే పట్టీ ఏడున్నది?"

తాహేరా బట్ట పట్టీ తెచ్చి ముందు పడేసింది. "అజీ, ముప్పై ఏండ్ల సంది నా రోకలి నాకు పొడుగైందని మొత్తుకుంటున్న. నా చేతులు గూడ రాజుల చేతులే అయితే ఎంత బాగుండు!"

మియా వినపడనట్టు పట్టీ చుట్టాడు. కింది చెయ్యి ఆనేచోట నాలుగు చుట్లు, పై చెయ్యికి రెండు. దాని మీద రెండువైపులా అంటుకునే టేపు వేసి, రబ్బరులో, టేపు మీదా పెట్రోలు పోసి, ఒక్క ఊపున తొడిగాడు. ఆరేలోగా సరిచేసుకోవాలి. ఒక కన్ను మూసి, పట్టు ముందున్న చదును, కింద ఇనుప ముద్ద చదును ఒకే వరసలోకి వచ్చేదాకా వెంట్రుకంత వెంట్రుకంత తిప్పాడు. తర్వాత ఎవర్నీ ముట్టనివ్వకుండా మూలన ఆనించాడు.

శనివారం పొద్దున సారు కొత్త కట్టె పట్టి, కళ్లు బంతి మీదికి వచ్చేలా వంగి, చేతులు వదిలి, తోశాడు. బంతి నేరుగా పోయి గుంతలో టకామని పడింది. ఇంకోటి తోశాడు. అదీ పడింది. వరసగా తొమ్మిది. పదోదానికి ఆయన ఎగిరి గంతేశాడు.

ఆ మధ్యాహ్నం మియా దుకాణం ముందు నాలుగు కార్లు ఆగాయి. ముందుగా నదీం సాబు దిగి, తన కట్టె బల్ల మీద పెట్టాడు.

"మియా, ఇది ముప్పై నాలుగు. సారుది ఇప్పుడు ముప్పై రెండు కదా. నాది ముప్పై ఒకటి చెయ్యి."

"నదీం సాబ్, జర ఆగుండ్రి. మీరు ఆరడుగులుంటరు. నా దారం లెక్కల మీకు ముప్పై ఆరు గావాలె. ఇప్పటికే ముక్కు నేలకు గుచ్చుకుని మీ బంతి కుడికి పోతాంది."

"కుడికని నాకు తెల్వదనుకున్నవా?" నదీం సాబు నడుము పట్టుకుని అక్కడి స్టూలు మీద కూలబడ్డాడు. "ఏడాది నుంచి నడుముకు జండూబామ్ రాస్తున్న. కానీ మియా, నడుమూ నాదే, నౌకరీ నాదే. కొయ్యి."

మియా వద్దన్నాడు. మిగతా ముగ్గురూ బతిమాలారు, చెయ్యి పట్టుకున్నారు, తెల్లారితే మ్యాచ్ అన్నారు. చివరికి కోశాడు. నాలుగు కట్టెలు, నలుగురు మనుషులు, ఒక్కటంటే ఒక్కటి మనిషికి తగ్గట్టు లేదు. నలభై ఏళ్లలో మనిషి కొలతకు ఎదురు వెళ్లి కామ పెట్టడం అతనికదే మొదలు. కార్లు వెళ్లిపోయాక ఉక్కు రజను తుడుస్తూ మియా తనను తనే ఛీ అనుకున్నాడు. ఒక్క మంచి అబద్ధం ఆడానని మురిశాడే, అది నలుగురి నడుములు విరగ్గొడుతోంది.

ఆదివారం మ్యాచ్‌కు షామియానా వేశారు, మైకు పెట్టారు. మియాకు కూడా కుర్చీ వేశారు, చివర్లో. పక్క ఫ్యాక్టరీ సార్లు వచ్చారు. సొంత ఆఫీసర్లు నలుగురూ ఇంచుమించు నేల మీద పాకుతూ ఆడారు. పెద్దసారు మాత్రం బంతి వెనక బంతి గుంతలో వేసి, సాయంత్రం నాలుగింటికల్లా గెలిచేశాడు. చప్పట్లు మారుమోగాయి. సారు మైకు అందుకున్నాడు.

"ఈ విజయానికి రెండు కారణాలు. ఒకటి, నా చేతులు." అందరూ ఆయన చేతులు చూశారు. "రెండు, జానమ్మ. ఏడాదిగా ఈ నేల ఎడమకు వాలి ఉంది. నేను గట్టిగా చెప్పేసరికి వారంలో సరిచేసింది. తప్పు చేసినా దిద్దుకున్నవాళ్లను గౌరవించాలి. జానమ్మను పర్మినెంటు చేస్తున్నాం. జానమ్మా, ఇలా రా!"

భిక్షపతి పళ్లెంలో శాలువా తెచ్చాడు. జానమ్మ గడ్డి అంచు మీదినుంచి నడిచి వచ్చింది. మియా ఊపిరి పీల్చుకున్నాడు. నౌకరీ మిగలడం కాదు, పర్మినెంటు కూడా అయింది. చేతులెత్తి దండం పెట్టి శాలువా కప్పించుకుంటే చాలు. యా అల్లా, ఈమె నోరు మెదపకుండా చూడు అనుకున్నాడు.

"సార్," అంది జానమ్మ, "నేను నేలను ముట్టలే."

మైకు దగ్గరే ఉంది. అందరికీ వినపడింది.

"ముట్టకపోతే ఎలా సరయింది?"

"సక్కగ లేనిదెప్పుడు సార్? మొదటి సంది గిట్లనే ఉన్నది. నేను తప్పు చేసి దిద్దుకోలే. గా మాటకు శాలువా కప్పుతే నాకొద్దు. పర్మినెంటు గూడ వద్దు."

సారు ముఖం ఎర్రబడింది. "ఏడాదిగా బంతి ఎడమకు పోవడం అబద్ధమా? నదీం, నువ్వు చూశావు కదా, నేల ఎడమకే వాలింది కదా?"

"ఎడమకే సర్," అన్నాడు నదీం. మిగతా ముగ్గురూ తలలూపారు.

జానమ్మ వాళ్లను పట్టించుకోలేదు. నేరుగా చివరి కుర్చీ వైపు చూసింది. ఆమె పిలవలేదు, బతిమాలలేదు. ఊరికే చూసింది. చోటే మియా కుర్చీ అంచుకు జరిగాడు. ఈ అబద్ధానికి తాడు తనే పేనాడు, అది పోయి పోయి ఈమె మెడకు చుట్టుకుంది. లేచి నిలబడ్డాడు.

"సార్, జర నా మాట వినుండ్రి. నదీం సాబు బంతి ఎడమకు పోదు, కుడికి పోతది. గీ ముగ్గురివీ కుడికే. మీదొక్కటే ఎడమకు పోయేది. నేల ఒక్కటే గద సార్, రెండు దిక్కులకెట్ల వాలుతది? మీ కట్టె మీకు పొడుగైంది, ముక్కు పైకి లేచి ఎడమకు చూసింది. వాళ్ల కట్టెలు వాళ్లకు పొట్టిగైనయ్, ముక్కు కిందికి గుచ్చుకుని కుడికి చూసింది. మీ కట్టె కంటె పొడుగుండొద్దని కోయించుకున్నరు. నిన్న నేనే కోసిన, నాకు సిగ్గయితాంది." గుటక మింగాడు. "మీ చేతులు గూడ అందరి చేతుల లెక్కనే ఉన్నయ్ సార్. రాజుల చేతులని నేను అబద్దం చెప్పిన. మీరు జర పొట్టిగుంటరు. గంతే."

 పక్క ఫ్యాక్టరీ పెద్దాయన దగ్గు తెచ్చుకుని మంచినీళ్ల గ్లాసు వెతుక్కున్నాడు. 

 పెద్దసారు మైకు పక్కకు పెట్టి, "నదీం," అన్నాడు.

"సర్."

"నీ బంతి ఎటు పోతది?"

నదీం సాబు జానమ్మను చూశాడు, మియాను చూశాడు, తన నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. "కుడికి సర్."

"ఎప్పటి సంది?"

"మీరు వచ్చినప్పటి సంది సర్."

వెనకెక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. సారు అటు చూడలేదు. భిక్షపతి పళ్లెంలోంచి శాలువా తీసుకుని, మడత విప్పి, జానమ్మ ముందుకు వచ్చాడు. ఆమె ఆయన కంటే జానెడు ఎత్తు. ఫ్యాక్టరీలో అందరికీ అలవాటైనట్టే ఆమె కూడా మెడ, నడుము వంచబోయింది.

"వంగకు తల్లీ," అన్నాడు నవీన్‌కుమార్, అచ్చం ఆలేరు మాటలో. "నేల సక్కగనే ఉన్నది. తప్పు నాదే. నువ్వు సక్కగ నిలవడు, నేనే అందుకుంట."

అంతమంది చూస్తుండగా, ఫోటోలు తీస్తుండగా, ఆయన బూటుమడమలు లేపి, మునివేళ్ల మీద నిలబడి, చేతులు రెండూ పైకి చాచి, ఆమె భుజాల చుట్టూ శాలువా కప్పాడు. ఒక అంచు జారితే మళ్లీ లేచి సర్దాడు. ఈసారి చప్పట్లు ఎవరూ చెప్పకుండానే మోగాయి. చోటే మియా కళ్లు తుడుచుకున్నాడు. అతని కుర్చీ వెనక్కి నదీం సాబు వచ్చి, "మియా, రేపు దుకాణం ఎన్నింటికి తెరుస్తవు?" అని చెవిలో అడిగాడు.

జానమ్మ శాలువాను మడిచి చంకలో పెట్టుకుంది. పొద్దు వాలుతున్న వైపు ఒకసారి చూసి, నీళ్ల పైపు చేతిలోకి తీసుకుంది.

"సార్లూ, నీళ్లు వెట్టే యాళ్లయింది," అంది. "అందరు గడ్డి మీదినుంచి జర దిగుండ్రి."

అందరికంటే ముందు పెద్దసారే దిగాడు.